సిగరెట్ తాగేవాళ్లకు విటమిన్ మాత్రలు పనికొస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా సిగరెట్ తాగారు. మానేయమని గట్టిగా చెప్పలేక, చెప్పినా వినరని తెలిసి, నేను ఆయనకు యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాలు కొనిచ్చేదాన్ని. అవి ఎంతో కొంత కాపాడతాయని నా నమ్మకం. ఆ డబ్బా మీద రాసున్న పేర్లలో ఒకటి, బీటా కెరోటిన్, సిగరెట్ తాగేవాళ్లు అస్సలు వేసుకోకూడనిదని చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటి నుంచి ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు వెతికి చదువుతున్నాను. సిగరెట్ తాగేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఏమిటి? మనం పడే టెన్షన్ లాంటిదేనా?

కాదు, మనసుకు సంబంధించింది కాదు. మన కణాలు ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారు చేసుకునేటప్పుడు కొన్ని నిలకడ లేని అణువులు పుడుతుంటాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. వాటిలో ఒక ఎలక్ట్రాన్‌కు జత ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి పక్కనున్న అణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. పోగొట్టుకున్న అణువు ఇంకోదాని మీద పడుతుంది. ఇలా కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర, లోపలి ప్రొటీన్లు, చివరికి డీఎన్ఏ కూడా దెబ్బతింటాయి.

దీన్ని ఆపే ఏర్పాటు శరీరంలోనే ఉంది. గ్లూటాథయోన్ లాంటి పదార్థాలను, కొన్ని ఎంజైములను మనమే తయారు చేసుకుంటాం. విటమిన్ సి, విటమిన్ ఇ, కెరోటినాయిడ్లు (బీటా కెరోటిన్ లాంటివి, క్యారెట్ లాంటివాటికి రంగునిచ్చే పదార్థాలు) తిండి నుంచి వస్తాయి. ఇవి తమ ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఆ గొలుసును తెంపుతాయి. వీటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. దాడి ఎక్కువై ఈ రక్షణ చాలకపోతే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

ఒక్క సిగరెట్‌తో అంత నష్టం ఉంటుందా?

లోపలికి పీల్చే ఒక్కో దమ్ములో ఉండే ఫ్రీ రాడికల్స్ సంఖ్య సుమారు పది కోట్ల కోట్లు. ఒకటి పక్కన పదిహేను సున్నాలు. పొగలోని వాయువుల్లో ఉండేవి చాలా వరకు క్షణాల్లోనే ఆరిపోతాయి. తారులో ఉండేవి అలా కాదు. అవి ఊపిరితిత్తుల గోడలకు అంటుకుని, సిగరెట్ ఆర్పేశాక కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటిని పుట్టిస్తూనే ఉంటాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పొగ తెచ్చే దెబ్బ కథలో సగమే. మిగతా సగం మన రోగనిరోధక కణాల పని. తారును, మసిని శత్రువులుగా చూసి తెల్ల రక్తకణాలు ఊపిరితిత్తుల్లోకి గుంపులుగా వస్తాయి. సూక్ష్మజీవులను చంపడానికి వాడే ఆయుధాలనే అక్కడ ప్రయోగిస్తాయి. ఆ ఆయుధాలు కూడా ఫ్రీ రాడికల్సే. కానీ తారు సూక్ష్మజీవి కాదు, చావదు. అందుకని యుద్ధం ఆగదు, దెబ్బ సొంత కణజాలానికే తగులుతుంది. రోజూ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో వాపు తగ్గకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇదంతా నిజంగా కొలిచి చూశారా?

చూశారు. కణాల పొరల్లోని కొవ్వు ఆక్సీకరణం చెందినప్పుడు ఐసోప్రోస్టేన్లు అనే పదార్థాలు రక్తంలోకి, మూత్రంలోకి వస్తాయి. సిగరెట్ తాగేవాళ్లలో ఇవి ఎక్కువగా ఉంటాయని, రెండు వారాలు మానేస్తే గణనీయంగా తగ్గుతాయని 1995లో వచ్చిన పరిశోధన చూపించింది. ఆ రెండు వారాల్లో వాళ్లకు ఏ మాత్రా ఇవ్వలేదు, పొగ ఆపించారు, అంతే. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలరంటే దీన్ని గుర్తుంచుకోండి.

సిగరెట్ తాగేవాళ్లకు విటమిన్ సి తక్కువగా ఉంటుందంటారు. నిజమేనా?

నిజమే. దీనికి రెండు కారణాలు. మొదటిది, సిగరెట్ తాగేవాళ్లు సగటున పండ్లు, కూరగాయలు తక్కువ తింటారు. సిగరెట్ ఆకలిని, రుచిని, వాసనను తగ్గిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఇద్దరూ ఒకేలా తిన్నా తాగేవాళ్ల రక్తంలో విటమిన్ సి తక్కువగానే ఉంటుంది. పొగ తెచ్చే రాడికల్స్‌ను అణచడానికి అది అక్కడికక్కడే ఖర్చయిపోతుంది.

అందుకే 2000లో అమెరికా వైద్య సంస్థ ఇచ్చిన సిఫార్సుల్లో సిగరెట్ తాగేవాళ్లకు అదనంగా రోజుకు 35 మి.గ్రా. చేర్చారు. మామూలుగా మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 75. తాగేవాళ్లకైతే 125, 110. చిగుళ్ల నుంచి రక్తం రావడం, దెబ్బలు త్వరగా మానకపోవడం విటమిన్ సి బాగా తగ్గినప్పుడు కనిపిస్తాయి. కానీ సిగరెట్ చిగుళ్లను వేరే దారుల్లో కూడా పాడుచేస్తుంది కాబట్టి, రక్తం వస్తోందని విటమిన్ లోపమే అనుకుని ఊరుకోకుండా డెంటిస్టుకు చూపించుకోండి.

అయితే రోజుకో వెయ్యి మి.గ్రా. విటమిన్ సి మాత్ర వేసుకుంటే సరిపోతుంది కదా?

వెయ్యి మింగితే వెయ్యీ ఒంటికి పట్టదు. రోజుకు 200 మి.గ్రా. దాకా పేగు దాదాపు మొత్తం పీల్చుకుంటుంది. వెయ్యి దాటితే సగం కూడా లోపలికి పోదు. పోయినదాన్ని కూడా కిడ్నీలు మూత్రంలో బయటకు పంపేస్తాయి. రక్తంలో ఒక స్థాయి దాటి అది నిలవదు.

తాగేవాళ్లకు కావలసిన ఆ 125 తిండిలోనే సులువుగా దొరుకుతుంది. ఒక నారింజలో సుమారు 70 మి.గ్రా. ఉంటుంది. ఒక జామకాయలో వంద దాటుతుంది. పచ్చి క్యాప్సికం, టమాటా, నిమ్మ, ఆకుకూరలు కూడా మంచివే. ఎక్కువసేపు ఉడికిస్తే మాత్రం విటమిన్ సి పోతుంది.

మాత్ర వేసుకుని తీరాలనుకుంటే పెద్దవాళ్లకు రోజుకు 2,000 మి.గ్రా. పైపరిమితి. అది దాటితే కడుపు పాడవుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బు ఉన్నవాళ్లు పెద్ద మోతాదుల జోలికి వెళ్లకూడదు.

విటమిన్ ఇ సంగతి ఏమిటి? అది కూడా తగ్గుతుందా?

తగ్గుతుంది. విటమిన్ ఇ కొవ్వులో కరిగేది, కణాల పొరల్లో ఉండి కాపలా కాస్తుంది. ఒక రాడికల్‌ను ఆపిన ప్రతిసారీ తనే కొంచెం చెడిపోతుంది. అప్పుడు విటమిన్ సి వచ్చి దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేస్తుంది. ఈ రెండూ జంటగా పనిచేస్తాయి. సిగరెట్ తాగేవాళ్లలో విటమిన్ సి ముందే అయిపోతుంది కాబట్టి చెడిపోయిన విటమిన్ ఇ బాగుపడదు, త్వరగా మాయమవుతుంది. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు గుర్తు పట్టగలిగేలా తయారు చేసిన విటమిన్ ఇ ఇచ్చి దీన్ని కళ్లకు కట్టారు. తాగేవాళ్లకు రెండు వారాలు విటమిన్ సి ఇచ్చినప్పుడు విటమిన్ ఇ మాయమయ్యే వేగం మామూలు స్థాయికి వచ్చింది. నాకు చాలా నచ్చిన పరిశోధన ఇది. కానీ జాగ్రత్తగా చదవాలి. రక్తంలో ఒక అంకె బాగుపడిందని అది చెప్పింది. జబ్బులు తగ్గాయని చెప్పలేదు.

బీటా కెరోటిన్ మాత్రలు ప్రమాదమని ఎందుకంటారు? అది క్యారెట్‌లో ఉండేదే కదా?

అసలు ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

1970లలో, 80లలో చాలా దేశాల్లో ఒకే విషయం బయటపడింది. పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్లకు, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోంది. ఆ కాపాడేది బీటా కెరోటినే అయ్యుంటుందని, దాన్ని మాత్రగా ఇస్తే సిగరెట్ తాగేవాళ్లను కాపాడవచ్చని పరిశోధకులు నిజాయితీగా ఆశపడ్డారు. ఆ ఆశను పరీక్షించడానికి రెండు పెద్ద పరిశోధనలు మొదలుపెట్టారు.

మొదటిది ఫిన్లాండ్‌లో. 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది మగవాళ్లు, అందరూ సిగరెట్ తాగేవాళ్లే. కొందరికి రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్, కొందరికి 50 మి.గ్రా. విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర. ఐదు నుంచి ఎనిమిదేళ్లు చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. మొత్తం మరణాలు కూడా 8 శాతం పెరిగాయి. తగ్గుతుందనుకున్నది పెరిగింది.

ఏదో పొరపాటు జరిగి ఉంటుందని చాలామంది అనుకున్నారు. అప్పటికే అమెరికాలో రెండోది నడుస్తోంది. 18,314 మంది. సిగరెట్ తాగేవాళ్లు, తాగి మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవాళ్లు. వాళ్లకు 30 మి.గ్రా. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. 1996 జనవరిలో దాన్ని అనుకున్న గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా కనిపించాయి.

ఒకటి కాదు, రెండు. వేర్వేరు దేశాలు, వేర్వేరు బృందాలు, ఒకటే జవాబు. దాని తర్వాత దీన్ని పొరపాటనే వీలు లేదు. ఫిన్లాండ్ వాళ్లు తమ లెక్కలు ఇంకా తరచి చూస్తే, రోజుకు 20 లేదా అంతకన్నా ఎక్కువ సిగరెట్లు తాగేవాళ్లకు, మద్యం ఎక్కువ తాగేవాళ్లకు హాని ఎక్కువగా జరిగింది. మాత్రలు ఆపేశాక నాలుగు నుంచి ఆరేళ్లలో ఆ అదనపు ముప్పు తగ్గిపోయింది. ఇప్పటికే కొన్నాళ్లుగా వేసుకుంటున్నవాళ్లు భయపడి కుంగిపోకుండా ఈ మాట వినాలి. ఈరోజే ఆపేయండి, చాలు.

మంచి చేయాల్సింది చెడు ఎలా చేసింది?

ఫెరెట్ అనే చిన్న జంతువు బీటా కెరోటిన్‌ను దాదాపు మనిషిలాగే పీల్చుకుంటుంది. వాటికి పెద్ద మోతాదులో బీటా కెరోటిన్ ఇచ్చి, సిగరెట్ పొగ పీల్పించి చూశారు. పొగ నిండిన ఊపిరితిత్తుల్లో, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట, బీటా కెరోటిన్ తనే ముక్కలైపోయింది. ఆ ముక్కలు కణాల పెరుగుదలను అదుపులో ఉంచే రెటినోయిక్ ఆమ్లాన్ని తగ్గించాయి. కణాలు అదుపు తప్పి పెరగడం, క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పులు మొదలవడం కనిపించాయి. కాపాడటానికి పంపినదాన్నే పొగ తనవైపు తిప్పుకుంది.

మోతాదు కూడా ముఖ్యమే. ఫిన్లాండ్ పరిశోధనలో మాత్ర వేసుకున్నవాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ పదిహేను రెట్లకు పైగా పెరిగింది. తిండితో అంత పెరగడం జరగని పని.

అయితే క్యారెట్లు, ఆకుకూరలు కూడా మానేయాలా?

వద్దు, దయచేసి మానకండి. అదే ఫిన్లాండ్ పరిశోధనలో, మొదట్లోనే తిండి ద్వారా బీటా కెరోటిన్ ఎక్కువ తింటున్నవాళ్లకు క్యాన్సర్ తక్కువగా వచ్చింది. హాని చేసింది మాత్ర. కూరగాయ ఎప్పుడూ ఒక్క పదార్థం కాదు, అందులో పీచు, ఫోలేట్, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి, పైగా ఒంటికి నెమ్మదిగా పడతాయి.

డబ్బా మీద ఏం చూసి కొనాలి?

వెనకవైపు చిన్న అక్షరాల్లో బీటా కెరోటిన్, విటమిన్ ఎ, రెటినాల్, రెటినైల్ పాల్మిటేట్ అనే పేర్ల కోసం వెతకండి, ఉంటే కొనకండి. చివరి రెండూ విటమిన్ ఎ రూపాలే. జుట్టుకు, చర్మానికి, కంటికి అని అమ్మేవాటిలో ఇవి ఎక్కువగా ఉంటాయి. మల్టీవిటమిన్‌లో కొద్దిగా ఉంటే కూడా అది ఎంతో డాక్టర్‌కు చూపించండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో యాంటీఆక్సిడెంట్ అని రాసుంటే నమ్మకం కాదు, అనుమానం రావాలి.

వయసుతో పాటు కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బుకు (మాక్యులర్ డీజనరేషన్) డాక్టర్లు రాసే యాంటీఆక్సిడెంట్ మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. పాత ఫార్ములాలో బీటా కెరోటిన్ ఉండేది. 2013లో వచ్చిన పెద్ద పరిశోధన తర్వాత దాని బదులు లూటీన్, జియాజాంథిన్ అనే వేరే కెరోటినాయిడ్లు వాడటం మొదలైంది. మీకు ఏ ఫార్ములా రాశారో అడగండి, సిగరెట్ తాగిన సంగతి దాచకండి.

నేను ఎప్పుడో మానేశాను. నాకు కూడా ఇవి వర్తిస్తాయా?

బీటా కెరోటిన్ విషయంలో వర్తిస్తాయి. ఇప్పుడు చెప్పిన కంటి పరిశోధనలో బీటా కెరోటిన్ వేసుకుని ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మానేసినవాళ్లే.

పోనీ విటమిన్ ఇ మాత్రలైనా వేసుకోవచ్చా?

ఫిన్లాండ్ పరిశోధనలో విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువగా వచ్చింది. అది చూసి అందరూ సంతోషించారు. దాన్ని రుజువు చేద్దామని 35 వేల మందికి పైగా మగవాళ్లతో ఇంకో పరిశోధన చేశారు. రోజుకు 400 యూనిట్లు ఇచ్చారు. 2011లో వచ్చిన ఫలితం తలకిందులైంది, ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. పైగా ఫిన్లాండ్‌లోనే విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో మెదడులో రక్తస్రావంతో మరణాలు ఎక్కువగా కనిపించాయి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా విటమిన్ ఇ ముట్టుకోకూడదు.

క్యాన్సర్, గుండె జబ్బులు రాకుండా అని బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు వేసుకోవద్దని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2022లో స్పష్టంగా చెప్పింది. పల్లీలు, బాదం, పొద్దుతిరుగుడు గింజల్లో విటమిన్ ఇ దొరుకుతుంది. ఒంటికి అది చాలు.

సెలీనియం, ఎన్‌ఏసీ, బీ12?

ఎన్‌ఏసీ అంటే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్. క్యాన్సర్ నివారణకు వీటిలో ఏదీ పనికొచ్చినట్టు తేలలేదు. ఎలుకల్లో విటమిన్ ఇ, ఎన్‌ఏసీ అప్పటికే పుట్టిన ఊపిరితిత్తుల కణితులను ఇంకా వేగంగా పెంచాయని 2014లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. క్యాన్సర్ కణానికి కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్ అడ్డంకే, ఆ అడ్డంకిని మాత్ర తొలగించింది. లోపం ఉందని పరీక్షలో తేలి డాక్టర్ రాసిన బీ12 వేరు, దాన్ని ఆపకండి.

గర్భంతో ఉన్నాను, సిగరెట్ మానలేకపోతున్నాను. విటమిన్ సి బిడ్డను కాపాడుతుందా?

ఈ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. దీనికి ఒక నిజమైన జవాబు ఉంది. 2014లో వచ్చిన అమెరికా పరిశోధనలో, మానలేకపోయిన గర్భిణులకు రోజుకు 500 మి.గ్రా. విటమిన్ సి ఇచ్చారు. వాళ్ల బిడ్డల ఊపిరితిత్తులు పుట్టినప్పుడు మెరుగ్గా పనిచేశాయి. ఏడాది వయసు వచ్చేసరికి పిల్లికూతలు 40 శాతం మంది బదులు 21 శాతం మందిలోనే కనిపించాయి. ఇది చిన్న మేలు కాదు. అయినా నెలలు నిండక ముందే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం లాంటి మిగతా ముప్పుల నుంచి ఇది కాపాడుతుందని అనుకోవద్దు. మీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. విటమిన్ సి గురించి, మానడానికి సాయం గురించి ఒకేసారి అడగండి.

ఇంట్లో వేరేవాళ్లు తాగితే?

పక్కవాళ్ల పొగ పీల్చే పిల్లల రక్తంలో కూడా విటమిన్ సి తగ్గుతుంది. పిల్లలకు మాత్రలు పెట్టడం కాదు దీనికి మందు. ఇంట్లో, కారులో ఎవరూ తాగకూడదు.

ఈ-సిగరెట్‌కు మారితే ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉండదా?

మండే పొగాకు కన్నా రాడికల్స్ తక్కువ, కానీ సున్నా కాదు. వేడెక్కిన ద్రవం నుంచి ఆల్డిహైడ్లు పుడతాయి. హుక్కాలో నీళ్ల గుండా వచ్చే పొగ శుద్ధి అవుతుందన్నది అపోహ.

రోజుకు ఇరవై తాగేవాణ్ణి. ఒకటికి తగ్గించి, పండ్లు బాగా తింటే చాలా?

తగ్గించడం మంచి మొదటి అడుగే. కానీ గుండె విషయంలో లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. ఇరవై తాగితే వచ్చే ముప్పులో ఒకటి తాగితే ఇరవయ్యో వంతే రావాలి కదా? రాదు. 2018లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, రోజుకు ఒక్కటే తాగినా ఇరవై తాగితే పెరిగే గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం ఉంది. రక్తనాళాల లోపలి పొర అంత సున్నితమైనది. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను కొద్దిపాటి రాడికల్స్ కూడా నాశనం చేస్తాయి.

మానేస్తే ఎన్నాళ్లకు బాగుపడుతుంది?

రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో మామూలుకు వస్తుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ కొలతలు, విటమిన్ సి స్థాయి వారాల్లోనే మెరుగుపడతాయి. గుండెపోటు ముప్పు మొదటి ఒకటి రెండేళ్లలోనే బాగా తగ్గుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగానికి రావడానికి పది నుంచి పదిహేనేళ్లు పడుతుంది.

మా నాన్న మానరు. కనీసం ఏదో ఒక మాత్ర ఇవ్వకుండా ఎలా ఉండను?

నేను కూడా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఏదైనా ఇవ్వాలనిపిస్తే, రోజూ ఒక పండు కోసి ఆయన ముందు పెట్టండి. ఇవ్వాల్సిన మందులు ఉన్నాయి, కానీ అవి విటమిన్లు కావు. నికోటిన్ గమ్, నికోటిన్ ప్యాచ్, సిగరెట్ మానడానికి డాక్టర్ రాసే వరెనిక్లిన్ మాత్ర. ఇవి, వాటితో పాటు ఓపికగా మాట్లాడే కౌన్సెలింగ్, మానే అవకాశాన్ని పెంచుతాయని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. ఒకసారి మానలేకపోతే మళ్లీ ప్రయత్నించాలి. చాలామంది చాలాసార్లు ప్రయత్నించాకే మానగలిగారు.

మా నాన్న నాలుగోసారికి మానేశారు. ఆ వారం ఆయన జేబులో అగ్గిపెట్టె బదులు నికోటిన్ గమ్ ఉండేది. నేను కొనిచ్చిన యాంటీఆక్సిడెంట్ డబ్బాలో సగం మాత్రలు అలాగే మిగిలిపోయాయి.